ఆరేళ్ల బాబుకు టాన్సిల్స్, అడినాయిడ్స్ ఆపరేషన్: ముందు ఏమి సిద్ధం చేసుకోవాలి, ఇంటికి వచ్చాక ఎలా చూసుకోవాలి?

ఒంగోలు అమ్మ | మే 5, రాత్రి 10:40

అందరికీ నమస్కారం. మా బాబుకు ఆరేళ్లు నిండాయి, బరువు 19 కిలోలు. మే 14న గొంతులోని టాన్సిల్స్, ముక్కు వెనక ఉండే అడినాయిడ్స్ రెండూ తీస్తామని డాక్టరుగారు తేదీ ఇచ్చారు. జ్వరాలు, గొంతు నొప్పులు ఉన్నాయి కానీ, మమ్మల్ని ఎక్కువగా భయపెట్టింది వాడి నిద్ర. నోరు తెరుచుకుని, మెడ వెనక్కి వాల్చి పడుకుంటాడు. గురక పెడుతూ పెడుతూ ఒక్కసారిగా ఆగిపోతాడు. ఛాతీ ఎగురుతూనే ఉంటుంది, గాలి మాత్రం లోపలికి పోదు. పక్కన కూర్చుని లెక్కపెడతాను. ఎనిమిది, తొమ్మిది, పది... అప్పుడు ఉలిక్కిపడి ఊపిరి తీసుకుంటాడు. మూడేళ్లకే మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలైంది. మెడకు పక్కనుంచి తీసిన ఎక్స్‌రేలో ముక్కు వెనక గాలి వెళ్లే దారి దారమంత సన్నగా కనిపించింది.

ఆపరేషన్ అవసరమన్న విషయంలో నాకు సందేహం లేదు. మా అత్తగారికి ఉంది. "అవి దేవుడు పెట్టిన కాపలా, తీసేస్తే పిల్లవాడు ఎప్పుడూ రోగాలతోనే ఉంటాడు" అంటారు. ఇంట్లో ఒకరు పథ్యం అంటే ఇంకొకరు ఐస్‌క్రీమ్ అంటున్నారు. మే 22న మా ఆడపడుచు కూతురి పెళ్లి కూడా ఉంది, ఇక్కడికి 70 కిలోమీటర్ల దూరంలో. ఎనిమిదో రోజుకు తేరుకుంటాడు కదా అని మా ఆలోచన. ఇంతకుముందు ఈ దారిలో నడిచినవారు దయచేసి చెప్పండి.

థియేటర్ నర్సు | మే 6, ఉదయం 6:15

అమ్మా, చెవి ముక్కు గొంతు ఆపరేషన్ థియేటర్లో 27 ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. ముందు పెళ్లి సంగతి చెబుతాను. బాబును తీసుకువెళ్లవద్దు.

టాన్సిల్స్ తీసిన చోటును చర్మంలాగా కుట్టి మూసెయ్యరు. పచ్చి పుండు దానంతట అదే మానాలి. ఒకటి రెండు రోజుల్లో దాని మీద తెల్లని పొర కడుతుంది. సుమారుగా అయిదో రోజుకూ పదో రోజుకూ మధ్య ఆ పొర ఊడుతుంది. ఊడేటప్పుడు కింద ఉన్న రక్తనాళం తెరుచుకుంటే రక్తం వస్తుంది. మొదటి 24 గంటల్లో రక్తం వస్తే ఆసుపత్రిలో మేము పక్కనే ఉంటాము. పొర ఊడేటప్పుడు వచ్చేది మాత్రం ఇంట్లో వస్తుంది. పిల్లవాడు ఆడుకుంటూ, అందరూ గండం గడిచిందని ఊపిరి పీల్చుకున్న రోజుల్లో వస్తుంది. ఎక్కువమందికి రాదు. వచ్చిన రోజున మాత్రం థియేటర్ ఉన్న ఆసుపత్రి అరగంటలోపు దూరంలో ఉండాలి. నేను పనిచేసిన రోజుల్లో రెండుసార్లు పెళ్లి పందిళ్ల నుంచి పిల్లలను ఎత్తుకుని పరుగెత్తుకు వచ్చారు. ఇద్దరూ దక్కారు కానీ, ఒక పాపకు రక్తం ఎక్కించాల్సి వచ్చింది. రెండు వారాలు ఊరు దాటవద్దు.

ఇక సిద్ధం కావడం. ఆరేళ్ల వాడంటే పాలపళ్లు ఊడే వయసు. ముందు పళ్లు ఒక్కొక్కటే వేలితో కదిపి చూడండి. ఊగుతున్నది ఉంటే మత్తు డాక్టరుకు తప్పకుండా చెప్పండి. నోటిలో పరికరం పెట్టినప్పుడు అది ఊడి గాలిగొట్టంలోకి పోయే ప్రమాదం ఉంది. మొలతాడుకు వెండి బిళ్ల, మెడలో తాయెత్తు ఉంటే ముందు రోజే తీసేయండి. రక్తం ఆపడానికి కరెంటు పరికరం వాడతారు, ఒంటి మీద లోహం ఉంటే అక్కడ కాలవచ్చు. థియేటర్ తలుపు దగ్గర ఆ తాడు కోసం పెద్దవాళ్లు బాధపడటం చాలాసార్లు చూశాను. ముందే ఇంట్లో దేవుడి దగ్గర పెట్టి, వచ్చాక కట్టుకోండి. పెళ్లి ఇల్లు కాబట్టి ఇంకో మాట. వాడి చేతులకు గోరింటాకు పెట్టనివ్వవద్దు. గోళ్ల రంగు చూసి కూడా ఆక్సిజన్ అందుతోందో లేదో గమనిస్తాము.

వాడికి చెవులు కుట్టించినప్పుడు గానీ, దెబ్బ తగిలినప్పుడు గానీ రక్తం ఆలస్యంగా ఆగిందా? మీ రెండు వైపుల వాళ్లలో ఎవరికైనా పన్ను పీకించినప్పుడు, కాన్పులో అలా జరిగిందా? మీది మేనరికమైతే అదీ చెప్పండి. ఇంటి చరిత్ర వల్ల తెలిసేవి కొన్ని మామూలు రక్తపరీక్షలో బయటపడవు.

మత్తు వైద్యం, వరంగల్ | మే 6, మధ్యాహ్నం 2:05

నర్సుగారు చెప్పినవన్నీ సరైనవి. మత్తు వైపు నుంచి నేను కొన్ని కలుపుతాను.

అన్నం, టిఫిన్, పాలు ఆపరేషన్‌కు కనీసం ఆరు గంటల ముందు ఆపేయాలి. పాలు నీళ్లలాంటివే కదా అని పొద్దున్నే అరగ్లాసు తాగించి తీసుకువస్తారు. పాలు కడుపులో విరిగి గడ్డలవుతాయి. మత్తులో అవి పైకి వచ్చి ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికి వస్తుంది. మంచినీళ్లు మాత్రం సాధారణంగా రెండు గంటల ముందువరకు తాగవచ్చు. చాలా చోట్ల అర్ధరాత్రి నుంచి నీళ్లు కూడా వద్దని ఒకే మాట చెప్పేస్తారు. ఈ ఎండల్లో ఆరేళ్ల పిల్లవాడిని పన్నెండు గంటలు ఎండగట్టడం మంచిది కాదు. "నీళ్లు ఎన్ని గంటల వరకు ఇవ్వవచ్చు?" అని మీ మత్తు డాక్టరును ప్రత్యేకంగా అడిగి, వారు చెప్పిన సమయాన్ని కాగితం మీద రాసుకోండి. వీలైతే పొద్దున మొదటి కేసుగా పెట్టమని కోరండి.

ఆపరేషన్‌కు ముందు జలుబు, దగ్గు, జ్వరం వస్తే దాచవద్దు. తేదీ పోతుందని సిరప్ తాగించి తీసుకువచ్చేవారు ఉన్నారు. జలుబు చేసిన గొంతు మత్తులో బిగుసుకుపోతుంది. రెండు మూడు వారాలు వాయిదా వేసినంత మాత్రాన ఏమీ మునిగిపోదు.

కుటుంబంలో ఎవరికైనా మత్తు ఇచ్చాక ఊపిరి, కదలిక చాలా ఆలస్యంగా వచ్చాయా అన్నది కూడా గుర్తు చేసుకోండి. కండరాలు వదులు కావడానికి ఇచ్చే ఒక మందును విరిచే ఎంజైము కొందరిలో పుట్టుకతోనే తక్కువ. మన ప్రాంతంలో ఆర్యవైశ్య కుటుంబాల్లో ఇది మిగతావారికంటే ఎక్కువగా కనిపిస్తుందని మా వృత్తిలో అందరికీ తెలుసు. ముందే తెలిస్తే వేరే మందు వాడతాము.

తల్లులకు ఎవరూ చెప్పని సంగతి ఒకటి ఉంది. మెలకువ వచ్చేటప్పుడు మీ బాబు మిమ్మల్ని గుర్తుపట్టకపోవచ్చు. కళ్లు తెరిచే ఉంటాయి, కానీ తోసేస్తాడు, తంతాడు, గొంతు చించుకుని ఏడుస్తాడు. ఇది మత్తు దిగేటప్పుడు చిన్నపిల్లల్లో వచ్చే కలవరం. చాలావరకు అరగంటలో తగ్గిపోతుంది, తర్వాత వాడికి ఏమీ గుర్తుండదు. సూది ఊడిపోకుండా చేయి పట్టుకుని, మెల్లగా వాడి పేరు పిలుస్తూ కూర్చోండి. వాడు రోజూ కప్పుకునే దుప్పటి తీసుకువెళ్లండి, ఆ వాసన పనిచేస్తుంది.

ఒంగోలు అమ్మ | మే 6, రాత్రి 9:30

ఇద్దరికీ చేతులెత్తి నమస్కారం. కింద ఎడమవైపు పన్ను ఒకటి ఊగుతోంది! మీరు చెప్పకపోతే చూసేదాన్ని కాదు. పెళ్లికి మావారు ఒక్కరే వెళతారు. నేను, అత్తయ్య బాబు దగ్గరే ఉంటాము. రోగనిరోధక శక్తి సంగతి ఎవరైనా చెబితే అత్తయ్యకు చదివి వినిపిస్తాను.

థియేటర్ నర్సు | మే 7, ఉదయం 6:00

అత్తయ్యగారికి ఇలా చెప్పండి. కాపలా కాసేవి ఆ రెండే కాదు. నాలుక మొదట్లో, గొంతు వెనక గోడలో, పేగుల్లో అలాంటి కణజాలం ఇంకా చాలా ఉంది. తీసేసిన పిల్లల్లో పెద్ద లోటేమీ రాదు. ఆవిడ భయంలో న్యాయం లేకపోలేదు. ఒకప్పుడు గొంతు నొప్పి రెండుసార్లు వస్తే చాలు, తీసేసేవారు. ఇప్పుడు లెక్క చూస్తారు. ఏడాదిలో ఏడుసార్లు, లేదా వరుసగా రెండేళ్లు ఏడాదికి అయిదుసార్లు, లేదా మూడేళ్లు ఏడాదికి మూడుసార్లు గట్టిగా గొంతు పట్టేస్తేనే ఆలోచిస్తారు. ఆ లెక్క 1984లో అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో జరిగిన పరిశోధన నుంచి వచ్చింది. మీ బాబు విషయం వేరు. నిద్రలో ఊపిరి ఆగిపోతోంది. అక్కడ జ్వరాలు లెక్కపెడుతూ కూర్చోకూడదు.

డల్లాస్ నుంచి | మే 7, ఉదయం 8:20

మా పాపకు అయిదేళ్లప్పుడు ఇక్కడే చేయించాము. పొద్దున ఆపరేషన్, సాయంత్రానికి ఇంటికి పంపేశారు. అమ్మా నాన్నా దగ్గర లేరు, వీడియో కాల్‌లో మా అమ్మ ఏడుపు, ఇక్కడ పాప ఏడుపు. నేను నేర్చుకున్నది ఏమిటంటే నొప్పి మందు వేళకు ఇవ్వాలి. ఏడ్చినప్పుడు ఇద్దామనుకుంటే అప్పటికే ఆలస్యమైపోతుంది. నొప్పి వస్తే మింగదు, మింగకపోతే గొంతు ఎండుతుంది, ఎండితే నొప్పి ఇంకా పెరుగుతుంది. మొదటి నాలుగు రాత్రులు అలారం పెట్టుకుని లేపి మరీ ఇచ్చాను.

కోడీన్ ఉన్న మందు, దగ్గు సిరప్ అయినా సరే, పిల్లలకు ఇవ్వవద్దు. కొందరి కాలేయం దాన్ని చాలా వేగంగా మార్ఫిన్‌గా మార్చేస్తుంది, ఊపిరి మందగిస్తుంది. టాన్సిల్స్ ఆపరేషన్ తర్వాత పిల్లలు చనిపోయిన సంఘటనల వల్ల అమెరికా ఔషధ సంస్థ 2013లో గట్టి హెచ్చరిక ఇచ్చింది. 2017లో పన్నెండేళ్ల లోపు పిల్లలకు పూర్తిగా వద్దంది.

మత్తు వైద్యం, వరంగల్ | మే 7, ఉదయం 11:45

పైన చెప్పింది నిజం. దానికి తోడు, పారాసిటమాల్ సిరప్ సీసా మీద అంకె చూడండి. మన మందుల దుకాణాల్లో 5 మిల్లీలీటర్లకు 120 లేదా 125 మిల్లీగ్రాములది ఒకటి, 250ది ఒకటి దొరుకుతాయి. పెట్టె చూడటానికి దాదాపు ఒకేలా ఉంటుంది. సాధారణంగా కిలో బరువుకు 15 మిల్లీగ్రాముల చొప్పున ఆరు గంటలకు ఒకసారి రాస్తారు. మీ బాబుకు అది 285 మిల్లీగ్రాములు. 250 సీసాలో అయితే సుమారు 5.7 మిల్లీలీటర్లు, 120 సీసాలో అయితే దాదాపు 12. సీసా మారితే మోతాదు రెట్టింపో సగమో అయిపోతుంది. చీటీ మీద ఉన్న సీసానే కొనండి, డాక్టరు రాసిన మోతాదునే సిరంజితో కొలిచి ఇవ్వండి. ఆస్పిరిన్ మాత్రం ఇంట్లో ఉన్నా ముట్టవద్దు.

గోదావరి అమ్మమ్మ | మే 8, సాయంత్రం 5:10

అమ్మాయీ, పథ్యం గురించి అడిగావు. నేను ముగ్గురు మనవలకు చేసిపెట్టాను. "చల్లనిది గొంతుకు పడదు" అనే మాట మన ఇళ్లలో ఎంత గట్టిగా ఉందో నాకు తెలుసు, నేనూ అన్నదాన్నే. పెద్ద మనవడికి మొదటి రెండు రోజులు వేడి చారు, గోరువెచ్చని నీళ్లు తప్ప ఏమీ ఇవ్వనివ్వలేదు. వాడు గుక్క మింగలేక పెదవులు ఎండిపోయి పడుకున్నాడు. మూడో రోజు మళ్లీ ఆసుపత్రిలో సెలైన్ పెట్టారు. ఆ పాపం నాదే అని ఈనాటికీ అనుకుంటాను. కోతపుండుకు చల్లదనం హాయి.

మెత్తగా పిసికిన పెరుగన్నం చేసి, తాలింపు వేయకుండా పెట్టు. రాగి జావ పలుచగా కాచి చల్లార్చి మజ్జిగ కలుపు. సగ్గుబియ్యం పాయసం ఆరాక ఇవ్వు. ఇడ్లీని పాలలో నానబెట్టి చెంచాతో చిదిపి పెట్టు. ఇది తాటి ముంజల కాలం, లేత ముంజ పై పొర తీసి ఫ్రిజ్‌లో పెట్టి ఇస్తే పిల్లలు గుటుక్కున మింగుతారు. పుచ్చకాయ రసం, కొబ్బరి నీళ్లు కూడా ఇవ్వవచ్చు. జంతికలు, చేగోడీలు, కరకరలాడే దోసె అంచులు, నిమ్మరసం, బత్తాయి, చింతపండు పులుసు, కారం దగ్గరికి రానివ్వకు. పెళ్లి ఇంటి నుంచి అరిసెలు, లడ్డూలతో పాటు జంతికలు కూడా వస్తాయి, అవి వాడి కంటపడకుండా దాచు.

థియేటర్ నర్సు | మే 8, సాయంత్రం 6:00

అమ్మమ్మగారూ, మీ చేతివంట గురించి ఒక్క మాట కూడా తీసేయలేను, పుచ్చకాయ రసం తప్ప. ఎర్రనివేవీ ఈ రెండు వారాలు వద్దు. పుచ్చకాయ, బీట్‌రూట్, రోజ్‌మిల్క్, ఎర్ర ఐస్‌ఫ్రూట్. వాంతి చేసుకుంటే అది రసమో రక్తమో తెలియక మీరూ మేమూ కంగారు పడతాము.

మగ్గం చప్పుడు | మే 9, రాత్రి 11:20

మధ్యలో వస్తున్నందుకు క్షమించండి. మాది సిరిసిల్ల, పవర్‌లూమ్ పని. చిన్నప్పటి నుంచి కుడిచెవిలో చీము కారుతుంది. కర్ణభేరికి రంధ్రం ఉంది, పొర అతికించాలి అన్నారు. జూన్‌లో చేస్తారు. ఎన్ని రోజులు పని మానాలి? తల మీద కోస్తారంటే ఇంట్లో భయపడుతున్నారు.

కోఠి దారి | మే 10, ఉదయం 7:30

తమ్ముడూ, నాకు మూడేళ్ల కిందట హైదరాబాద్ కోఠిలోని ప్రభుత్వ చెవి ముక్కు గొంతు ఆసుపత్రిలో చేశారు. 2021లో బ్లాక్ ఫంగస్ రోగులను పంపించిన ఆసుపత్రి అదే. తల మీద కోయడం అంటే చెవి వెనక మడతలో. అక్కడ కణత కండరం మీద పల్చని పొర ఉంటుంది. దానిలోంచి చిన్న ముక్క తీసి కర్ణభేరికి కింద అతికిస్తారు. నీ శరీరంలోదే కాబట్టి పట్టుకుంటుంది.

ముందు చెవి పొడిగా ఉండాలి. ఇప్పటి నుంచే తలస్నానం చేసేటప్పుడు దూదికి వాజెలిన్ పూసి చెవిలో పెట్టుకో. వెల్లుల్లి వేసి కాచిన నూనె పోయడం మీ ఇంట్లో ఉంటే ఈ రోజుతో ఆపేయించు.

తర్వాత తలకు కట్టు కడతారు. విప్పాక చెవిలో గుడగుడ, టప్పున పగిలినట్టు చప్పుళ్లు వినిపిస్తాయి. లోపల కరిగిపోయే స్పాంజి పెడతారు, అది కరిగేవరకు చెవి మూసుకుపోయినట్టే ఉంటుంది. వినికిడి పోయిందని మొదటి నెలంతా దిగులుపడ్డాను, తొందరపడి దిగులుపడకు. నాలుక ఒకపక్క ఇనుము నాకినట్టు రుచి వచ్చింది. రుచి తెలిపే నరం కర్ణభేరి వెనకనే వెళుతుంది, దాన్ని కదిపితే అలా ఉంటుందట. నాకు మూడు నెలల్లో పోయింది. ముక్కు చీదవద్దు. తుమ్ము వస్తే నోరు తెరిచి తుమ్ము. ముక్కు మూసుకుని ఆపుకుంటే ఆ గాలి లోపలి నుంచి వెళ్లి అతికించిన పొరను తోసేస్తుంది. బరువులు ఎత్తవద్దు. లూమ్‌ల మోతలోకి ఎప్పుడు వెళ్లవచ్చో డాక్టరును అడుగు, వెళ్లిన రోజు నుంచి రెండు చెవులకూ రక్షణ పెట్టుకునే పని చెయ్యి.

పాఠాల మాస్టారు | మే 10, రాత్రి 8:00

నాది ముక్కు దూలం సరిచేసిన ఆపరేషన్. చెప్పాల్సినవి రెండే. రెండు ముక్కుల్లో దూది కుక్కి 48 గంటలు ఉంచారు. నోటితో ఊపిరి తీసుకోవాలని తెలుసు, కానీ నిద్రలో నోరు మూసుకోగానే ఊపిరాడక లేచి కూర్చునేవాడిని. ముందు వారం రోజులు నోటితో పడుకోవడం అలవాటు చేసుకుని ఉంటే బాగుండేది. పెదవులకు రాసుకోవడానికి వెన్న, మంచం పక్కన నీళ్లు, తలకింద రెండు దిండ్లు. పై ముందు పళ్లు కొన్ని వారాలు మొద్దుబారి ఉన్నాయి, అదీ మామూలేనన్నారు.

తర్వాత ఉప్పునీటితో ముక్కు కడుక్కోమంటారు. కుళాయి నీళ్లు, బోరు నీళ్లు నేరుగా వాడవద్దు. కాచి చల్లార్చిన నీళ్లే వాడండి. మంచినీటిలో ఉండే ఒక అమీబా ముక్కులోంచి మెదడుకు పాకుతుంది. కేరళలో దాని వల్ల పిల్లలు చనిపోయారు.

ఒంగోలు అమ్మ | మే 14, రాత్రి 11:50

అయిపోయింది. పొద్దున ఏడున్నరకు మొదటి కేసుగా తీసుకువెళ్లారు. నీళ్లు అయిదున్నర వరకు ఇవ్వవచ్చని మత్తు డాక్టరుగారు చెప్పారు, లేపి నాలుగు గుక్కలు తాగించాను. ఊగే పన్ను గురించి చెప్పగానే వారు వేలితో కదిపి చూసి, మత్తులో ఉన్నప్పుడే తీసేసి, చిన్న సీసాలో వేసి మా చేతికి ఇచ్చారు.

బయటికి తెచ్చినప్పుడు నన్ను గుర్తుపట్టలేదు. "మా అమ్మ కావాలి" అని నా ముఖం మీదే ఏడ్చాడు. నేను వరంగల్ డాక్టరుగారి మాటలు తలచుకుంటూ దుప్పటి వాడి బుగ్గకు ఆనించి కూర్చున్నాను. ఇరవై నిమిషాల తర్వాత ఆ దుప్పటి అంచును వేళ్లతో నలపడం మొదలుపెట్టాడు, అది వాడి అలవాటు. అప్పుడు నాకు ప్రాణం లేచివచ్చింది. సాయంత్రం ఒకసారి కాఫీ డికాషన్ రంగులో వాంతి అయింది. ఆపరేషన్‌లో మింగిన పాత రక్తమని నర్సమ్మ చెప్పారు.

ఒంగోలు అమ్మ | మే 17, సాయంత్రం 4:15

మూడో రోజు. నిన్నటికంటే ఈ రోజు నొప్పి ఎక్కువగా ఉంది. చెవి నొప్పి అంటున్నాడు, చెవికి ఏమీ చేయలేదు కదా? గొంతులో టార్చి వేసి చూస్తే రెండు వైపులా తెల్లగా, మీగడలాగా ఉంది. నోరు బాగా వాసన వస్తోంది. చీము పట్టిందా? నిన్న నీళ్లు తాగితే ముక్కులోంచి వచ్చాయి.

థియేటర్ నర్సు | మే 17, సాయంత్రం 4:40

అది చీము కాదు తల్లీ. నేను మొదట చెప్పిన పొర అదే. మోకాలి పుండుకు చెక్కు కట్టినట్టు, నోటి తడిలో అది తెల్లగా కనిపిస్తుంది. దూదితో తుడవవద్దు, వేలు పెట్టి గీకవద్దు. వాసన కూడా దానిదే, పొర ఊడాక పోతుంది. గొంతుకూ చెవికీ నొప్పిని మోసే నరం ఒక్కటే కాబట్టి గొంతు నొప్పి చెవిలో తెలుస్తుంది. అడినాయిడ్స్ తీశాక కొండనాలుక దగ్గర దారి పూర్తిగా మూసుకోవడానికి కొన్నాళ్లు పడుతుంది, అందుకే ముక్కులోంచి నీళ్లు, మాటలో ముక్కు ధ్వని. వారాల్లో తగ్గాలి, తగ్గకపోతే డాక్టరుకు చూపించండి.

నాకు ఒకటి చెప్పండి, పొద్దుటి నుంచి ఎన్నిసార్లు మూత్రం పోశాడు?

ఒంగోలు అమ్మ | మే 17, సాయంత్రం 4:52

పొద్దున ఒక్కసారి. ముదురు పసుపు రంగులో.

థియేటర్ నర్సు | మే 17, సాయంత్రం 4:55

అది చాలదు. బయట ఎండ ఎలా ఉందో చూడండి. ఇప్పుడు నొప్పి మందు ఇచ్చి, అరగంట ఆగి మొదలుపెట్టండి. గ్లాసు చూపించి తాగమంటే తాగడు. మందు కొలిచే చిన్న కప్పుతో పది నిమిషాలకు ఒకటి ఇవ్వండి. రాత్రి ఎనిమిదికల్లా మూత్రం రాకపోతే ఫోను చేసి ఆసుపత్రికి వెళ్లండి, మొహమాటపడవద్దు.

ఒంగోలు అమ్మ | మే 17, రాత్రి 8:20

ఏడుంబావుకు పోశాడు, రంగు కూడా తేలికపడింది. అత్తయ్యే గెలిచారు. గోడ మీద సున్నం ముక్కతో గీతలు గీసి, ఒక్కో కప్పుకు ఒక్కో గీత, పది గీతలకు ఒక తాటి ముంజ అని పందెం కాశారు. "చల్లనివి వద్దు" అన్న ఆవిడే ఇప్పుడు ఫ్రిజ్ దగ్గర నిలబడి ముంజలు వలుస్తున్నారు. అమ్మమ్మగారు రాసింది నేను చదివి వినిపించినప్పుడు ఆవిడ కళ్లు తుడుచుకున్నారు.

ఒంగోలు అమ్మ | మే 22, ఉదయం 9:10

ఈ మాటలు రాస్తుంటే చేతులు ఇంకా వణుకుతున్నాయి. నిన్న పగలంతా బాగున్నాడు, ఇల్లంతా పరుగులు. మావారు మధ్యాహ్నం పెళ్లికి బయలుదేరారు. రాత్రి రెండున్నరకు ఏదో చప్పుడుకు మెలకువ వచ్చింది. నిద్రలోనే గుటక, గుటక, గుటక. ఏమీ తాగడం లేదు, మింగుతూనే ఉన్నాడు. లైటు వేస్తే దిండు మీద అరచేతి వెడల్పున ఎర్రని మరక. లేపి కూర్చోబెట్టి ముందుకు వంచగానే నోట్లోంచి రక్తం, ఒక గడ్డ.

అత్తయ్య గిన్నెలో చల్లని నీళ్లు తెచ్చి, వాడి నుదురు తన చేత్తో పట్టుకుని "మింగకు నాన్నా, ఉమ్ము, అలా ఉమ్ము" అంటూ కూర్చున్నారు. నేను ఫోను చేసి ఆటో పిలిచాను. పన్నెండు నిమిషాల్లో ఆసుపత్రిలో ఉన్నాము. అప్పటికి చాలావరకు ఆగింది. సూది పెట్టి రక్తం పరీక్షకు పంపారు, గొంతు చూశారు, మళ్లీ థియేటర్‌కు తీసుకువెళ్లాల్సిన అవసరం లేదన్నారు. ఇంకో రోజు ఉంచుతారట. ఇప్పుడు నిద్రపోతున్నాడు.

థియేటర్ నర్సు | మే 22, ఉదయం 9:25

మీరు ఆ గుటకల చప్పుడును విన్నారు. అదే అసలు గుర్తు. నిద్రలో పిల్లలు రక్తాన్ని బయటికి ఉమ్మరు, మింగేస్తారు. ఒక్క మరక కనిపించినా తెల్లవారనిద్దాం అనుకోకుండా వెళ్లడం చాలా మంచి పని. ఇంటికి వచ్చాక ఇంకో వారం మెత్తనివే, పరుగులు వద్దు, నీళ్లు మానవద్దు. అత్తయ్యగారికి నా నమస్కారం చెప్పండి.

గోదావరి అమ్మమ్మ | మే 22, ఉదయం 10:40

పిల్లవాడికి దిష్టి తియ్యండి. నువ్వు కూడా ఏదైనా తిని కాసేపు పడుకో అమ్మాయీ.

ఒంగోలు అమ్మ | మే 31, ఉదయం 7:00

పదిహేడో రోజు. నిన్న డాక్టరుగారు చూసి పొర మొత్తం పోయిందని, లోపల గులాబి రంగులో మానిందని చెప్పారు. ఆరో రోజు నుంచి పక్క తడపలేదు. బరువు అరకిలో తగ్గాడు, దాని గురించి బెంగలేదు. మొన్న రాత్రి మాత్రం నాకు నిద్ర పట్టలేదు. గురక లేదు, చప్పుడు లేదు. గది అంత నిశ్శబ్దంగా ఉండటం నాకు అలవాటు లేదు. మూడుసార్లు లేచి ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాను. వెచ్చగా గాలి తగిలింది. నోరు మూసుకుని పడుకున్నాడు.

సత్తెనపల్లి నాన్న | జూన్ 2, రాత్రి 9:45

ఈ చర్చ మొత్తం చదివాను. మా పాపకు ఏడేళ్లు, జూన్ 18న ఇదే ఆపరేషన్. మా ఊరి నుంచి ఆసుపత్రి రెండు గంటల ప్రయాణం. ఏమి చేయమంటారు?

ఒంగోలు అమ్మ | జూన్ 2, రాత్రి 10:10

అన్నయ్యా, ఆసుపత్రి ఉన్న ఊళ్లో చుట్టాలు గానీ స్నేహితులు గానీ ఉన్నారా? లేకపోతే రెండు వారాలకు ఒక గది అద్దెకు దొరుకుతుందేమో ఇప్పటి నుంచే చూడండి. రాత్రివేళ ఆసుపత్రిలో గొంతు డాక్టరు ఉంటారా, ఎంతసేపట్లో వస్తారు, ఏ నంబరుకు ఫోను చేయాలి అని అడిగి గోడ మీద పెద్ద అక్షరాలతో రాయండి. రాత్రులు పాప పక్కనే పడుకోండి. పాపకు ఊగే పళ్లు ఉన్నాయేమో రేపు పొద్దున చూసి ఇక్కడ చెప్పండి.